అంతర సూది వేయించుకున్నాక పాలు తగ్గాయి... కారణం సూదేనా?

ఈసారి శీర్షికను పూర్తిగా చంటిబిడ్డల తల్లుల కోసం కేటాయించాం. పాలిస్తూ ఏ గర్భనిరోధకం వాడొచ్చు, పాలు తగ్గితే ఏం చేయాలి అని అడిగిన ప్రశ్నలకు జవాబులివి. అడిగిన వారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నాకిది రెండో కాన్పు. బాబుకి తొమ్మిది వారాలు. ఆరో వారంలో టీకాకి పీహెచ్‌సీకి వెళ్లినప్పుడు ఏఎన్ఎం చెబితే గర్భం రాకుండా వేసే అంతర సూది వేయించుకున్నాను. పది రోజులు తిరక్కుండానే రొమ్ములు మెత్తబడ్డాయి, ముందులా పాలు కారడం లేదు. సాయంత్రమైతే బాబు ఒకటే ఏడుపు. సూదితో పాలు ఇంకిపోయాయని మా అత్తమ్మ రోజుకి రెండుసార్లు డబ్బాపాలు పట్టిస్తోంది. ఆ సూదికి విరుగుడు ఉందా?
– ఓ తల్లి, జనగామ

జవాబు: విరుగుడు లేదమ్మా. అంతరలో ఉండేది 150 మిల్లీగ్రాముల మెడ్రాక్సీ ప్రొజెస్టిరాన్, అంటే ప్రొజెస్టిరాన్ హార్మోన్ జాతి మందు. కండలో నిల్వ ఉండి మూడు నెలల పాటు కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగుతుంది. మాత్రలాగా రేపటి నుంచి మానేద్దామంటే కుదరదు. కానీ మీరు రాసిన మూడు లక్షణాల్లో ఒక్కటి కూడా పాలు తగ్గాయనడానికి రుజువు కాదు.

కాన్పులో మాయ బయటపడగానే తల్లి ఒంట్లో ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా పడిపోతుంది. పాలు పడటం మొదలుపెట్టమని రొమ్ముకి అందే కబురు అదే. రెండో రోజుకో నాలుగో రోజుకో పాలు పడేది అందుకే. సరిగ్గా ఆ రోజుల్లో ప్రొజెస్టిరాన్ జాతి మందు పెద్ద మోతాదులో ఇస్తే ఆ కబురుకి అడ్డం పడొచ్చన్నది అనుమానం. పాలిచ్చే తల్లికి ఈ సూదిని ఆరు వారాలు దాటాకే వేయడం మన జాతీయ కార్యక్రమం పద్ధతి, ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా కూడా అదే. ఆరు వారాలు దాటేసరికి పాలు ఎన్ని తయారవ్వాలన్నది బిడ్డ నోరే నిర్ణయిస్తుంది. ఎంత చీకితే, రొమ్ము ఎంత ఖాళీ అయితే, మళ్లీ అంత ఊరతాయి. ఆ దశలో వేసిన సూది వల్ల పాలు గానీ, బిడ్డ ఎదుగుదల గానీ తగ్గినట్టు పరిశోధనల్లో తేలలేదు. అయినా కొందరు తల్లులు తమకి నిజంగానే తగ్గాయని చెబుతారు. వాళ్ల మాటను కొట్టిపారేయకూడదు. ఒక్కొక్కరి శరీరం ఒక్కోలా స్పందిస్తుంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, సూది వేసే ఆరో వారమే మరో రెండు మార్పులు వచ్చే వారం కూడా. మొదటి నెలలో రొమ్ములు బిగదీసి, పాలు కారిపోయి, రవికలు తడిసేవి. అవసరానికి మించి తయారైన పాలవి. ఆరేడు వారాలకి ఒళ్లు లెక్క నేర్చుకుని బిడ్డకి సరిపడా మాత్రమే తయారు చేస్తుంది. రొమ్ము మెత్తబడుతుంది, కారడం ఆగుతుంది. ఇక సాయంత్రం ఏడుపు చాలామంది పిల్లల్లో పతాక స్థాయికి చేరేది కూడా ఆరో వారం చుట్టుపక్కలే. ఈ రెండూ సూదితో కలిసి రావడంతో నింద సూది మీద పడుతుంది.

కాబట్టి ముందు లెక్క చూడండి. 24 గంటల్లో ఆరు, అంతకన్నా ఎక్కువసార్లు, రంగు లేని మూత్రం పోస్తున్నాడా? మొదటి మూడు నెలల్లో బిడ్డ వారానికి 150 నుంచి 200 గ్రాములు పెరగాలి. అంగన్‌వాడీలోనో పీహెచ్‌సీలోనో ఒకే త్రాసు మీద, బట్టలు తీసేసి, వారం తేడాతో రెండుసార్లు తూయించండి. వేర్వేరు త్రాసుల మీద తూస్తే ఆ తేడాయే మిమ్మల్ని భయపెడుతుంది. విరేచనం రోజూ కాకపోయినా ఈ వయసులో బెంగపడొద్దు, తల్లిపాల మీదే ఉన్న బిడ్డ నాలుగైదు రోజులకోసారి వెళ్లినా మామూలే. పంపు పెట్టి ఎన్ని వస్తున్నాయో చూడటం మాత్రం కొలత కాదు. బిడ్డ లాగినన్ని పాలు పంపు లాగలేదు.

మీ ఇంట్లో అసలు ప్రమాదం ఆ రెండు డబ్బాపాల సీసాలు. ఒక్కో సీసా తాగిన పూట బిడ్డ రెండు మూడు గంటలు రొమ్ము దగ్గరికి రాడు. రొమ్ములో పాలు నిలిచిపోతాయి. నిలిచిన పాలు ఇక తయారీ తగ్గించమని సూచన ఇస్తాయి. నాలుగు రోజులు ఇలా జరిగితే పాలు నిజంగానే తగ్గుతాయి, అప్పుడు అత్తమ్మ మాటే నిజమైందని అందరూ అనుకుంటారు. అయితే ఒక్కసారిగా మానేయకండి. రోజు మొత్తం మీద 30 నుంచి 60 మి.లీ. తగ్గించి, మూడు రోజులు మూత్రం లెక్క చూసి, మళ్లీ కొంచెం తగ్గించండి. పట్టాల్సినవి సీసాతో కాకుండా ఉగ్గుగిన్నెతో పట్టండి, అదీ రెండు రొమ్ములూ తాగాకే. రోజుకి 8 నుంచి 12 సార్లు పట్టండి. రాత్రి ఒంటిగంటకీ ఐదింటికీ మధ్య పట్టే ఒక పూట వదలొద్దు, పాలను తయారు చేయించే ప్రొలాక్టిన్ ఆ వేళల్లోనే ఎక్కువగా ఉంటుంది. ఒకవైపు బిడ్డ మింగడం ఆగి ఊరకే చప్పరిస్తుంటే రొమ్మును మెల్లగా నొక్కిపట్టండి, మళ్లీ చేపు వస్తుంది. అప్పటికీ మింగకపోతే రెండో వైపు మార్చండి.

అత్తమ్మ గారితో ఒక్క మాట. బాలింతకి దాహమైనా నీళ్లు తగ్గించి, కారప్పొడి అన్నంతో సరిపెట్టే పథ్యం ఇంకా మన ఇళ్లలో ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకి 600 కెలోరీలు ఎక్కువ కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూర, దాహానికి సరిపడా నీళ్లు పెట్టండి. మెంతులు, వెల్లుల్లి పెట్టినా తప్పులేదు, కానీ రొమ్ము ఖాళీ కాకుండా అవి ఒక్కటీ పాలు పెంచలేవు.

వచ్చే సూది గడువు దగ్గరపడేలోగా బరువు సరిగా పెరిగితే నిశ్చింతగా వేయించుకోండి. గడువు తేదీకి రెండు వారాలు ముందు నుంచి నాలుగు వారాలు ఆలస్యం వరకు వేయించుకోవచ్చు. అన్నీ సరిగా చేసినా బరువు పెరగకపోతే రెండో సూది వద్దు, ఛాయ అనే గర్భనిరోధక మాత్రకో కాపర్-టీకో మారండి. వాటిలో ఈ హార్మోన్ ఉండదు. బరువు అస్సలు పెరగకపోయినా, మూత్రం నాలుగుసార్లకి పడిపోయినా, బిడ్డ మగతగా ఉన్నా సూది సంగతి తర్వాత, ముందు పిల్లల డాక్టరుకి చూపించండి.

ఇంకా సూది వేయించుకోని తల్లులకి కూడా చెప్పాలి. కవలలు, నెలలు తక్కువ బిడ్డ, మొదటి కాన్పులో పాలు చాలకపోవడం, పీసీఓఎస్ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య), రొమ్ముకి ఆపరేషన్ – వీటిలో ఏది ఉన్నా నేరుగా మూడు నెలల సూదికి వెళ్లొద్దు. ముందు ఒక నెల ప్రొజెస్టిరాన్ జాతి హార్మోన్ మాత్రమే ఉండే మాత్ర వాడి చూడండి. పాలు తగ్గితే మర్నాడే ఆపొచ్చు.

ప్రశ్న: సిజేరియన్ అయి నాలుగు నెలలు. ఆశా కార్యకర్త మా వదినకి ఇచ్చిన మాలా-ఎన్ మాత్రలు ఇంట్లో ఉంటే నేనూ మొదలుపెట్టాను. పన్నెండు రోజులైంది. పాప రొమ్ము పట్టుకుని లాగి లాగి ఏడుస్తోంది. మాత్రలు పాపకి హాని చేస్తాయా?
– పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: మీ విషయంలో అనుమానం నిజం కావడానికే అవకాశం ఎక్కువ. మాలా-ఎన్ రెండు హార్మోన్ల మాత్ర. ఒక్కోదానిలో 0.15 మి.గ్రా. లెవోనార్జెస్ట్రెల్‌తో పాటు 0.03 మి.గ్రా. ఇథినైల్ ఈస్ట్రాడయాల్, అంటే ఈస్ట్రోజెన్, ఉంటుంది. పాలకి శత్రువు ఆ ఈస్ట్రోజెనే. ప్రొలాక్టిన్ రక్తంలో ఉన్నా రొమ్ము మీద పని చేయకుండా అడ్డుకుంటుంది. బిడ్డని పోగొట్టుకున్న తల్లికి పాలు ఆపడానికి ఒకప్పుడు ఈస్ట్రోజెన్నే ఇచ్చేవాళ్లు. మాలా-డి కూడా ఇదే మందు, అమ్మే తీరే వేరు. పాలిచ్చే తల్లి ఆరు నెలలు నిండేదాకా ఈ మాత్రలు వాడకూడదు. కాన్పయిన ఆరు వారాల్లోపైతే అసలే వద్దు, ఆ రోజుల్లో కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ.

పాపకి హాని జరిగిందని భయపడకండి. పాలలోకి వెళ్లే మందు చాలా తక్కువ. సమస్యల్లా పాలు తగ్గడమే.

ఇవాళే ఆపండి, కానీ రక్షణ లేకుండా ఉండకండి. డాక్టరుని అడిగి ఈస్ట్రోజెన్ లేని, ప్రొజెస్టిరాన్ జాతి హార్మోన్ మాత్రమే ఉండే డెసోజెస్ట్రెల్ 75 మైక్రోగ్రాముల మాత్ర తీసుకుంటే, మాలా ఆపిన మర్నాడే గ్యాప్ లేకుండా మొదలుపెట్టొచ్చు. మొదటి ఏడు రోజులు కండోమ్ కూడా వాడండి. ఇది ఖర్చనిపిస్తే ఛాయ మాత్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టిన సెంట్‌క్రోమాన్ అది. హార్మోన్ కాదు, పాలని తగ్గించదు. మాలా ఆపాక నాలుగైదు రోజుల్లో వచ్చే రక్తస్రావం మొదటి రోజున ఒక మాత్ర వేసుకోవాలి. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికి ఒకటే. మొదటిది ఆదివారం వేసుకుంటే రెండోది బుధవారం. మరిచిపోతారు, అందుకే క్యాలెండర్‌లో ముందే గీతలు పెట్టుకోండి. గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, మర్చిపోయి ఏడు రోజుల్లోపైతే మామూలు వరసలోనే కొనసాగించి, వచ్చే నెలసరి దాకా కండోమ్ వాడాలి. ఏడు రోజులు దాటితే మళ్లీ వారానికి రెండుతో మొదటి నుంచి లెక్క. ఛాయతో నెలసరి దూరం జరగడం సాధారణం, పదిహేను రోజులు దాటి ఆలస్యమైతే గర్భ పరీక్ష చేసుకోండి. పీసీఓఎస్ గానీ, కాలేయ జబ్బు గానీ ఉన్నవాళ్లకి ఇది ఇవ్వరు.

పాలు తిరిగి పెంచడానికి రోజూ ఒక గంట కేటాయించండి. బిడ్డ తాగాక 20 నిమిషాలు పంపుతో పిండి 10 నిమిషాలు విశ్రాంతి, మళ్లీ 10 పిండి 10 విశ్రాంతి, ఇంకో 10 పిండటం. బిడ్డ మాటిమాటికీ తాగినట్టు రొమ్ముకి అనిపించాలని ఈ వరస. మొదటి రోజుల్లో చుక్కలే రావచ్చు. నిరాశపడకండి, నాలుగో రోజు నుంచి వారంలోపు తేడా కనిపిస్తుంది. పంపు లేకపోతే చేత్తో పిండండి. బొటనవేలూ చూపుడువేలూ చనుమొనకి కాకుండా దాని చుట్టూ ఉన్న నల్లటి వలయం అంచున పెట్టి, వెనక్కి ఛాతీ వైపు నొక్కి, ఆ తర్వాతే వేళ్లు దగ్గరికి తేవాలి. మొనను లాగితే నొప్పే తప్ప పాలు రావు. రెండు వారాల్లో మార్పు లేకపోతే థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. పాలు పెరగడానికి డోంపెరిడోన్‌ని మందుల షాపులో అడిగి కొనుక్కునే అలవాటు బాగా పెరిగింది. గుండె లయ తప్పే సమస్య ఉన్నవాళ్లకీ, ఫంగస్‌కి ఇచ్చే ఫ్లుకొనజోల్, యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్ లాంటి మందులు వాడుతున్నవాళ్లకీ అది ప్రమాదం. డాక్టరు చూసి రాస్తేనే వాడాలి.

ప్రశ్న: పాలిస్తున్నన్నాళ్లూ గర్భం రాదని మా అమ్మ అంటుంది. నిజమేనా?
– శ్రీకాకుళం

జవాబు: మూడు షరతులూ కలిసి ఉన్నప్పుడే నిజం. బిడ్డకి ఆరు నెలలు నిండకూడదు. కాన్పు తర్వాత నెలసరి తిరిగి రాకూడదు. తల్లిపాలు తప్ప మరేదీ, చెంచా నీళ్లయినా, పట్టకూడదు, ఆ పాలు పట్టడంలో కూడా పగలు నాలుగు గంటలకి, రాత్రి ఆరు గంటలకి మించి ఎడం రాకూడదు. ఇవన్నీ పాటిస్తే వందలో 98 మందికి రక్షణ ఉంటుంది. బిడ్డ రాత్రంతా నిద్రపోవడం మొదలుపెట్టినా, డబ్బాపాలు, ఉగ్గు మొదలుపెట్టినా ఆ రోజే వేరే పద్ధతికి మారాలి. మొదటి నెలసరి రాకముందే అండం విడుదల కావొచ్చు, నెలసరి చూశాక జాగ్రత్తపడదామంటే ఆలస్యమైపోతుంది. మూడు నాలుగు నెలల్లో పాలు ఒక్కసారిగా తగ్గి, మొనలు నొప్పి పెడుతుంటే ముందు గర్భ పరీక్ష చేసుకోండి. కొత్త గర్భం పాలని తగ్గించినంతగా ప్రొజెస్టిరాన్ జాతి గర్భనిరోధక మాత్ర ఏదీ తగ్గించదు. పాల భయంతో గర్భనిరోధకమే మానేసే తల్లులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: పాపకి వచ్చే నెల అన్నప్రాశన, అదే రోజు వ్రతం పెట్టుకున్నాం. ఐదో నెలలో నాకు నెలసరి మొదలైంది. తేదీ ఆ రోజుకే పడేలా ఉంది. వాయిదా వేసే మాత్ర వాడితే పాలు తగ్గుతాయా?
– రాజమహేంద్రవరం

జవాబు: ఆ మాత్ర నోరెథిస్టెరోన్ 5 మి.గ్రా. నెలసరి రావాల్సిన తేదీకి మూడు రోజుల ముందు నుంచి రోజుకి మూడు, అంటే 15 మి.గ్రా. ఇదే మందుని అమెరికాలో నోరెథిండ్రోన్ పేరుతో పాలిచ్చే తల్లులకి గర్భనిరోధకంగా ఇస్తారు, కానీ రోజుకి 0.35 మి.గ్రా. మాత్రమే. మీరు వేసుకోబోయేది దానికి 40 రెట్లకు పైనే. పైగా ఇంత మోతాదులో ఈ మందులో కొంత భాగం ఒంట్లో ఇథినైల్ ఈస్ట్రాడయాల్‌గా మారుతుంది. పేరుకి ఈస్ట్రోజెన్ లేని మాత్రే అయినా దాదాపు రెండు హార్మోన్ల మాత్ర వేసుకున్నట్టే అవుతుంది. నాలుగైదు రోజులకి పాలు ఇంకిపోవు, కానీ పిండి చూస్తే తగ్గుదల తెలియొచ్చు.

ముహూర్తం ఒక వారం అటూ ఇటూ జరపగలిగితే అదే మేలు. ఆరో నెలలో మరో మంచిరోజు దొరక్కపోదు. తప్పదనుకుంటే డాక్టరుని కలవండి, ముందు గర్భ పరీక్ష చేసుకోండి, ఎన్ని రోజులు అవసరమో అన్ని రోజులే వాడండి. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉంటే అస్సలు వద్దు. ఇంకో ముఖ్యమైన మాట, ఈ మాత్ర వేసుకుంటున్నాం కదా అని గర్భం రాదనుకోకండి. అలా వాడే తీరుకి గర్భనిరోధక భరోసా లేదు.

ప్రశ్న: డెసోజెస్ట్రెల్ మాత్ర మూడు నెలలుగా వాడుతున్నాను. ఆఫీసుకి తిరిగి వెళ్లి మూడు వారాలైంది. ఇంట్లో ఉన్నప్పుడు పాలు బాగానే ఉండేవి, ఇప్పుడు పంపుకి 60 మి.లీ. కూడా రావడం లేదు. మాత్ర మార్చాలా?
– మాదాపూర్, హైదరాబాద్

జవాబు: రెండు నెలలకు పైగా అదే మాత్ర మీద పాలు బాగున్నాయి. మారింది మాత్ర కాదు, మీ రోజు. తొమ్మిది పది గంటలు బిడ్డకి దూరంగా ఉంటున్నారు. ఆ సమయంలో మూడుసార్లయినా, మూడు గంటలకోసారి, రెండు వైపులా కలిపి 15 నుంచి 20 నిమిషాలు పిండాలి. మీటింగ్ వల్ల ఒక పూట తప్పితే ఆ రోజు పాలే కాదు, రేపటి తయారీ కూడా తగ్గుతుంది. పంపు గొట్టం చివర గరాటు కొలత చూడండి. చనుమొన గరాటు గోడలకి రాసుకున్నా, చుట్టూ ఉన్న నల్లటి వలయం కూడా లోపలికి పోతున్నా కొలత తప్పినట్టే. పంపులోని చిన్న రబ్బరు కవాటాలు రోజూ వాడితే రెండు మూడు నెలల్లో సాగి పీల్పు తగ్గిపోతుంది. చాలామంది పాలు తగ్గాయని ఏడ్చేది ఆ రబ్బరు ముక్క అరిగిపోవడం వల్లే. మార్చి చూడండి. పిండిన పాలు మన వేసవిలో బయట పెట్టొద్దు, ఐస్ ప్యాక్ ఉన్న సంచీలో పెట్టి ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి, నాలుగు రోజుల్లో వాడేయండి. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా మామూలు విరామం కాకుండా రోజుకి రెండు పాలిచ్చే విరామాలు చట్టం ఇచ్చిన హక్కు. అడగడానికి మొహమాటపడకండి.

జలుబుకి మాత్ర ఏదైనా వాడారేమో చూసుకోండి. ముక్కుదిబ్బడకి ఇచ్చే సూడోఎఫెడ్రిన్ పాలని స్పష్టంగా తగ్గిస్తుంది.

మీ డెసోజెస్ట్రెల్‌కి ఒక షరతుంది. ఒకే వేళకి వేసుకోవాలి, 12 గంటలు దాటి ఆలస్యమైతే ఏడు రోజులు కండోమ్ తోడు కావాలి. ప్యాకెట్ అయిపోగానే మర్నాడే కొత్త ప్యాకెట్, మధ్యలో ఖాళీ రోజులు ఉండవు. టీబీకి రిఫాంపిసిన్, మూర్ఛకి ఫెనిటాయిన్, కార్బమజెపిన్ వాడేవాళ్లలో ఈ మాత్ర సరిగా పనిచేయదు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాను. ఇక్కడ డాక్టర్ నోరెథిండ్రోన్ 0.35 మి.గ్రా. రాశారు. మూడు గంటలు దాటితే పనిచేయదంటున్నారు. నిన్న ఐదు గంటలు ఆలస్యమైంది. అత్యవసర మాత్ర వేసుకుంటే పాలివ్వొచ్చా?
– పాఠకురాలు, టెక్సస్

జవాబు: మీ మాత్రకి గడువు మూడు గంటలే, నిజం. డెసోజెస్ట్రెల్ లాగా అది ప్రతి నెలా అండం విడుదలను ఆపదు, ఎక్కువగా గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురును చిక్కబరచడం మీద ఆధారపడుతుంది. ఆ జిగురు ఒక రోజుకి మించి నిలవదు. గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, రెండు రోజులు కండోమ్ వాడండి. మాత్ర ఆలస్యమైన తర్వాత కండోమ్ లేకుండా కలిసి ఉంటేనే అత్యవసర మాత్ర ఆలోచించాలి. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మి.గ్రా. వేసుకుని పాలివ్వొచ్చు. బిడ్డకి పట్టిన వెంటనే వేసుకుంటే మళ్లీ పట్టే వేళకి పాలలో మందు ఇంకా తగ్గుతుంది. పాలు పారబోయాల్సిన పని లేదు. మూడు రోజుల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది. మాత్రను బిడ్డ ఉదయం మొదటిసారి పాలు తాగే వేళతో ముడిపెట్టుకోండి. ఫోన్ అలారం ఆపేసి మళ్లీ పడుకోవచ్చు గానీ, ఆకలేసిన బిడ్డ పడుకోనివ్వదు.